టెక్సస్ చట్టసభలో పీఏ బిల్లు: ముసాయిదా నుంచి అమలు దాకా

టెక్సస్‌లో ఫిజీషియన్ అసిస్టెంట్లు, వాడుకలో పీఏలు, రోగిని చూస్తారు, పరీక్షలు చేయిస్తారు, జబ్బేమిటో తేలుస్తారు, మందులు రాస్తారు. అయితే క్లినిక్‌లో రాసిన ఆ మందుల చీటీ చెల్లాలంటే ఒక డాక్టరుతో చేసుకున్న రాతపూర్వక ఒప్పందం ఉండాలి. దాన్ని ప్రిస్క్రిప్టివ్ అథారిటీ అగ్రిమెంట్ అంటారు. ఆ డాక్టరు రిటైరైనా, వేరే రాష్ట్రానికి వెళ్ళిపోయినా, హఠాత్తుగా చనిపోయినా ఒప్పందం కూడా అక్కడితో సరి. అందులో ప్రత్యామ్నాయ డాక్టరు పేరు ముందే రాసుకుని ఉంటే కొన్నాళ్ళు నెట్టుకురావచ్చు. లేదంటే పాతికేళ్ళ అనుభవమున్న పీఏ కూడా మర్నాడు బీపీ మాత్ర రాయడానికి వీల్లేదు. ఇది మారాలంటే చట్టం మారాలి. చట్టం మార్చేది ఆస్టిన్‌లో రెండేళ్ళకోసారి 140 రోజులు కూర్చునే, హౌస్, సెనేట్ అనే రెండు సభలున్న చట్టసభ.

ఆ 140 రోజుల్లో పని మొదలుపెట్టేవాళ్ళు దాదాపుగా ఓడిపోతారు. 2023, 2025 సమావేశాల్లో ఎనిమిది వేల పైచిలుకు చొప్పున బిల్లులు వచ్చాయి. చట్టమయ్యేవి పన్నెండు వందల దగ్గర ఉంటాయి. మిగతావాటిలో చాలామటుకు ఎవరూ వ్యతిరేకించి ఓడించినవి కావు, సమయం చాలక పోయినవే. అందుకే ఈ పనిలో మూడొంతులు సమావేశాలు లేని ఏడాదిలోనే జరగాలి.

ముందు చట్టం చదవండి

చదవాల్సింది టెక్సస్ ఆక్యుపేషన్స్ కోడ్‌లో రెండు అధ్యాయాలు. 204వ అధ్యాయం పీఏ లైసెన్సు, పీఏ బోర్డు, పీఏ ఏమేం చేయవచ్చు అన్నదాని గురించి. 157వ అధ్యాయం డాక్టరు తన అధికారాన్ని ఇతరులకు ఎలా అప్పగించవచ్చు అన్నదాని గురించి. చాలామంది 204 మాత్రమే చదివి, అందులో ఒక మాట మారిస్తే చాలనుకుంటారు. మందులు రాసే అధికారానికి అసలు తాళం 157లో ఉంది. బిల్లు ఒక అధ్యాయాన్నే సవరించి రెండోదాన్ని వదిలేస్తే, చట్టమయ్యాక కూడా పాత షరతే నిలబడుతుంది.

ఇప్పుడున్న షరతుల్లో ముఖ్యమైనవి ఇవి. ఒక డాక్టరు మొత్తం ఏడుగురు పీఏలు, నర్స్ ప్రాక్టీషనర్లతో (పై శిక్షణ పొంది, పీఏల్లాగే రోగుల్ని చూసి మందులు రాసే నర్సులు), లేదా అంతమంది పూర్తికాలపు పనికి సమానమైన సంఖ్యతో, మాత్రమే ఈ ఒప్పందాలు చేసుకోగలరు. వైద్యం అందని జనాభాకు సేవచేసే చోట్లకూ, ఆసుపత్రి ప్రాక్టీసుకూ ఈ పరిమితి వర్తించదు. అలవాటుపడే ప్రమాదాన్ని బట్టి ఫెడరల్ చట్టం షెడ్యూళ్ళుగా విడదీసిన మందుల్లో 3 నుంచి 5 దాకా ఉన్నవి రీఫిల్స్‌తో కలిపి 90 రోజులకు మించి రాయాలంటే డాక్టరును సంప్రదించాలి. రెండేళ్ళలోపు పిల్లలకు రాసేటప్పుడూ అంతే. ఇంకా ప్రమాదకరమైన షెడ్యూల్ 2 మందులైతే ఆసుపత్రిలో 24 గంటలు, అంతకు మించి ఉండబోయే రోగికో, ఎమర్జెన్సీలో ఉన్నవారికో, హాస్పిస్ (చివరిదశ సంరక్షణ) రోగికో మాత్రమే. ఈ ఒప్పందాల పద్ధతి 2013లో సెనేట్ బిల్లు 406తో వచ్చింది. డాక్టరు, పీఏ నెలనెలా సమావేశం కావాలన్న నిబంధనను 2019లో హౌస్ బిల్లు 278 సడలించింది. ఈ చరిత్ర తెలిసి ఉండటం అవసరం. "2013లోనే అందరం కూర్చుని రాజీ కుదుర్చుకున్నాం కదా, మళ్ళీ ఎందుకు వచ్చారు?" అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది.

అడిగేదేమిటో ఒక్క వాక్యంలో

ఇక్కడ తొందరపడకండి. "పీఏలకు పూర్తి స్వేచ్ఛ కావాలి" అన్నది కోరిక. దాన్ని బిల్లుగా రాయలేరు. ఏ సెక్షన్‌లో ఏ మాట పోయి ఏ మాట రావాలో చెప్పగలిగినప్పుడే అది బిల్లు అవుతుంది.

ఇతర రాష్ట్రాలు నడిచిన దారులు చూస్తే ఎంపికలు తేటపడతాయి. పీఏల జాతీయ సంఘం ఏఏపీఏ 2017లో ఆప్టిమల్ టీమ్ ప్రాక్టీస్ అనే విధానాన్ని ఆమోదించింది. ఫలానా డాక్టరుతో సంబంధం ఉండి తీరాలన్న చట్టపు షరతు తీసేయడం దాని గుండెకాయ. 2019లో నార్త్ డకోటా హౌస్ బిల్లు 1175తో రాతపూర్వక ఒప్పందం అవసరాన్ని తొలగించింది. 2021లో వయోమింగ్ కూడా అదే దారి పట్టింది. అదే ఏడాది యూటా మెట్లు కట్టింది: 4,000 గంటల లోపు అనుభవానికి డాక్టరు పర్యవేక్షణ, అక్కణ్ణుంచి 10,000 గంటల దాకా డాక్టరుతోనో అనుభవజ్ఞులైన పీఏతోనో కలిసి పనిచేయడం, ఆపైన ఏ ఒప్పందమూ అక్కర్లేదు. 2023లో ఆరిజోనా, మోంటానా 8,000 గంటల అనుభవం దగ్గర ఇలాంటి గీత గీశాయి. ఆరెగాన్ 2021లో పర్యవేక్షణ అన్న చట్రాన్నే కొలాబరేషన్‌గా, అంటే కలిసి పనిచేయడంగా, మార్చింది.

టెక్సస్‌లో వీటిలో ఏది సాధ్యం? నార్త్ డకోటా నమూనాను ఒక్క సమావేశంలో తెస్తామనుకోవడం అత్యాశ. ఇక్కడి వైద్యుల సంఘం, టెక్సస్ మెడికల్ అసోసియేషన్, దేశంలోకెల్లా పెద్ద రాష్ట్ర సంఘాల్లో ఒకటి. పూర్తి అధికారం కోసం నర్స్ ప్రాక్టీషనర్లు ఎన్నో సమావేశాల్లో బిల్లులు తెచ్చినా అవి గట్టెక్కలేదు. గంటల గీత ఉన్న బిల్లును పెద్ద బిల్లుగా పెట్టుకుని, దానితోపాటు చిన్నవి రెండు విడిగా తయారు చేసుకోవడం మేలు. ఒకటి, ఏడుగురి పరిమితిని ఎత్తేయడమో పెంచడమో. రెండోది, ఒప్పందంలోని డాక్టరు హఠాత్తుగా లేకపోతే 60 రోజులో 90 రోజులో పాత ఒప్పందం మీదే పని సాగేలా గడువు ఇవ్వడం. ఈ రెండో దాన్ని వ్యతిరేకించడం ఎవరికైనా కష్టం, ఎందుకంటే అక్కడ మాట్లాడేది అధికారం గురించి కాదు, మందు ఆగిపోయే రోగి గురించి. పెద్ద బిల్లు కమిటీలో ఆగినా చిన్నది బయటపడితే ఆ రెండేళ్ళు వృథా కావు.

పేరు మార్పును ఈ బిల్లులో కలపకండి. ఏఏపీఏ 2021లో ఫిజీషియన్ అసోసియేట్ అన్న పేరుకు మారింది, ఆరెగాన్ 2024లో చట్టంలో కూడా మార్చింది. టెక్సస్ చట్టంలో ఉన్నది ఇంకా అసిస్టెంటే. పేరూ పరిధీ ఒకే బిల్లులో పెడితే, "రోగుల్ని తికమక పెడుతున్నారు" అనే ఒక్క మాటతో రెండూ పోతాయి. చట్టం మారకముందే కోటు మీద కొత్త పేరు కుట్టించుకోవడం కూడా బోర్డు దగ్గర లేనిపోని తలనొప్పి.

లైసెన్సు కాంపాక్ట్, అంటే లైసెన్సుల మీద రాష్ట్రాల మధ్య ఒప్పందం, వేరే సంగతి. 2023లో డెలవేర్, యూటా, విస్కాన్సిన్‌తో మొదలై, 2024లో ఏడో రాష్ట్రంగా వర్జీనియా చేరడంతో పీఏ కాంపాక్ట్ అమల్లోకి వచ్చింది. అది ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రంలో పనిచేయడాన్ని సులభం చేస్తుందే కానీ పరిధిని పెంచదు; రోగి ఉన్న రాష్ట్రపు చట్టమే వర్తిస్తుంది. శాసనసభ్యుల కార్యాలయాల్లో ఈ రెండింటినీ కలిపేసుకోవడం మామూలే, మొదటి నిమిషంలోనే విడదీసి చెప్పండి.

క్యాలెండర్ గోడకు అంటించుకోండి

తర్వాతి మామూలు సమావేశం 2027 జనవరి 12న, నెలలో రెండో మంగళవారం, మొదలై మే 31న ముగుస్తుంది. 2026 నవంబరు ఎన్నిక తర్వాతి సోమవారం నుంచి బిల్లులు ముందస్తుగా దాఖలు చేయవచ్చు. మార్చి 12, అంటే అరవయ్యో రోజు, మామూలు బిల్లులకు ఆఖరి గడువు. అసలు కత్తెర మే నెలలో పడుతుంది. హౌస్ బిల్లుల్ని హౌస్ కమిటీలు 119వ రోజుకల్లా, మే 10కి, బయటికి పంపాలి. మే 13, అంటే 122వ రోజు అర్ధరాత్రికల్లా సభలో రెండో పఠనానికి, అంటే చర్చకూ ఓటుకూ, రాకపోతే ఆ హౌస్ బిల్లు చచ్చినట్టే. ఆ రాత్రి గడియారాన్ని నడిపించడానికే కొందరు సభ్యులు ముందున్న చిన్న బిల్లుల మీద గంటల తరబడి మాట్లాడతారు. కాబట్టి మీ లక్ష్యం మే 13 కాదు, ఏప్రిల్ మధ్యనాటికి కమిటీ ఓటు అయిపోవాలి.

ఈ లెక్కన వెనక్కి వస్తే, ముసాయిదా కోసం శాసనసభ్యుడి కార్యాలయం టెక్సస్ లెజిస్లేటివ్ కౌన్సిల్‌కు అక్టోబరులోగా అడగాలి. కౌన్సిల్ మీ దగ్గర తీసుకోదు, సభ్యుడు అడిగితేనే రాస్తుంది. జనవరి దాటితే అక్కడ వరస పెరిగిపోతుంది. సభ్యుడు ఒప్పుకోవాలంటే వేసవికే పరిచయం కావాలి. ఇంకా ముందు, సమావేశాలు ముగిసిన తర్వాతి నెలల్లో స్పీకరు, లెఫ్టినెంట్ గవర్నరు కమిటీలకు అధ్యయన అంశాలు అప్పగిస్తారు. గ్రామీణ వైద్యం, వైద్య సిబ్బంది కొరత లాంటివి అందులో ఉంటే, అప్పుడు ఇచ్చే రాతపూర్వక అభిప్రాయం రేపటి బిల్లుకు పునాది.

మార్చి 12 దాటాక కొత్త ఆలోచన వస్తే మిగిలే దారి వేరే బిల్లుకు సవరణగా అతికించడం. అప్పుడు ఆ బిల్లు శీర్షికే అడ్డు. టెక్సస్ రాజ్యాంగం ఒక బిల్లులో ఒకే అంశం అంటుంది, సవరణ ఆ అంశానికి సంబంధించే ఉండాలి. మీ బిల్లు శీర్షిక కూడా ఇదే దృష్టితో చూసుకోండి. మరీ విశాలంగా రాయిస్తే మీకు నచ్చని సవరణలు వచ్చి కూర్చుంటాయి. మరీ ఇరుకుగా ఉంటే రాజీకి చోటుండదు.

ఎవరి చేత పెట్టించాలి

మొదటి సభలో బిల్లు పెట్టేవారిని ఆథర్ అంటారు, రెండో సభలో నడిపేవారిని స్పాన్సర్. ఆథర్‌ను ఎంచుకునేటప్పుడు మీ విషయం మీద ప్రేమ చూసి కాదు, స్థానం చూసి ఎంచుకోండి. హౌస్‌లో పబ్లిక్ హెల్త్ కమిటీ, సెనేట్‌లో హెల్త్ అండ్ హ్యూమన్ సర్వీసెస్ కమిటీ. ఆ కమిటీల్లో ఉన్న, మెజారిటీ పక్షంలో ఉన్న, గ్రామీణ కౌంటీలున్న నియోజకవర్గపు సభ్యుడు దొరికితే అంతకంటే మంచిది లేదు. 254 కౌంటీల రాష్ట్రంలో డాక్టరు లేని కౌంటీలు నిజంగానే ఉన్నాయి. రాష్ట్ర ఆరోగ్య శాఖ కౌంటీల వారీగా డాక్టర్ల, పీఏల సంఖ్యలు ప్రచురిస్తుంది, ఫెడరల్ సంస్థ హెచ్‌ఆర్‌ఎస్‌ఏ కొరత ప్రాంతాల జాబితా పెడుతుంది. ఆ సభ్యుడి నియోజకవర్గపు అంకెలు మాత్రమే తీసి పట్టుకెళ్ళండి. రాష్ట్రం మొత్తం సగటు ఎవరికీ పట్టదు.

రెండు సభల్లోనూ ఒకే పాఠంతో జంట బిల్లులు పెట్టించడం ఖర్చులేని బీమా. ఒకచోట గడువు మించినా రెండోది బతికే అవకాశముంటుంది. సెనేట్‌లో లెక్క వేరు: 31 మందిలో తొమ్మిదింట ఐదు వంతులు, అంటే 18 మంది, ఒప్పుకుంటే తప్ప బిల్లు చర్చకు రాదు. గెలవడానికి 16 ఓట్లు చాలనుకుని లెక్కవేసుకునేవాళ్ళు ఇక్కడే బోల్తా పడతారు.

నర్స్ ప్రాక్టీషనర్లతో కలిసి ఒకే బిల్లు తేవాలా? కలిస్తే బలం పెరుగుతుంది, శత్రువుల జాబితా కూడా పెరుగుతుంది. ఇద్దరికీ ఒకే 157వ అధ్యాయం అడ్డు కాబట్టి ఏడుగురి పరిమితి, డాక్టరుతో నెలనెలా సమావేశాలు లాంటివాటిలో కలవడం సబబే. గంటల గీత దగ్గర విడిగా నడవడం మంచిది, శిక్షణ గంటల వాదన ఇద్దరికీ ఒకటి కాదు.

ఇక ఇల్లు. టెక్సస్ తెలుగువాళ్ళలో డాక్టర్లకు కొదవ లేదు. మేనమామ కార్డియాలజిస్టు, వదిన పీడియాట్రీషియన్, పెళ్ళి భోజనాల దగ్గర పక్క కుర్చీలో వైద్యుల సంఘం సభ్యుడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. వాళ్ళను సభ్యత్వం మానేయమనడం అనవసరం. "బాబాయ్, మీ క్లినిక్‌లో పీఏ పొరపాటు చేస్తే ఇప్పుడు ఆ కేసు మీ మెడకూ చుట్టుకుంటుంది, ఈ బిల్లులో పీఏ చేసినదానికి పీఏదే బాధ్యత అని రాస్తున్నాం" అని చెప్పి చూడండి. బాధ్యత ఎవరిదన్న ఆ క్లాజు బిల్లులో తప్పక ఉండాలి. డాక్టర్ల వ్యతిరేకతను మెత్తబరిచేది అదే. తన నియోజకవర్గపు డాక్టరు ఒకరు బిల్లుకు మద్దతుగా సంతకం చేసిన ఉత్తరం, పీఏలు రాసిన నలభై ఉత్తరాల కంటే సభ్యుడి మీద ఎక్కువ పనిచేస్తుంది.

కార్యాలయంలో పదిహేను నిమిషాలు

సభ్యుడు దొరకలేదని నిరుత్సాహపడకండి. ఆరోగ్య బిల్లులు చూసే లెజిస్లేటివ్ డైరెక్టరో, పాలసీ స్టాఫరో దొరికితే పని నిజానికి బాగా జరుగుతుంది. మొదట చూపాల్సింది మీ ఓటు చిరునామా. ఫ్రిస్కో ఊరే కాలిన్, డెంటన్ కౌంటీల మధ్య పరుచుకుని ఉంది, పక్కింటివాళ్ళ నియోజకవర్గం మీది కాకపోవచ్చు. ఎవరు ఎవరికి ఓటర్లో చట్టసభ వెబ్‌సైటులో చిరునామా కొట్టి చూసుకుని, ఆ ప్రకారం మనుషుల్ని పంచండి. వేరే నియోజకవర్గం వాళ్ళు పదిమంది వెళ్తే మర్యాదగా కాఫీ ఇచ్చి పంపిస్తారు, అంతే.

చేతిలో ఒక్క కాగితం, ఒకవైపే అచ్చు. పైన బిల్లు నంబరు, మీరు కోరేది ఒక్క వాక్యం. కింద ఇప్పుడు చట్టం ఏమంటోంది, బిల్లు ఏం మారుస్తుంది, ఏం మార్చదు. ఈ "ఏం మార్చదు" అన్నది అసలు భాగం. పీఏ తన చదువుకూ అనుభవానికీ మించిన పని చేయడానికి ఈ బిల్లు అనుమతించదు, ఆసుపత్రి తన సిబ్బందికి ఏ పనులు అప్పగించాలో తేల్చుకునే హక్కును తీసేయదు, బోర్డు క్రమశిక్షణ చర్యల్ని తగ్గించదు. కాగితం అడుగున ఒక ఫోను నంబరు, ఒకరిదే. ముగ్గురి నంబర్లు పెడితే ముగ్గురూ మూడు జవాబులు చెబుతారు.

రోగి కథ చెప్పండి, రోగిని గుర్తుపట్టేలా చెప్పకండి. ఊరి పేరు, వయసు, అరుదైన జబ్బు మూడూ కలిస్తే చిన్న కౌంటీలో ఎవరికైనా మనిషి తెలిసిపోతాడు, అప్పుడు హిపా (రోగి వివరాల గోప్యతా చట్టం) ఉల్లంఘన అవుతుంది. ఆసుపత్రి బ్యాడ్జి తీసేయండి. యజమాని అనుమతి లేకుండా ఆ సంస్థ తరఫున మాట్లాడినట్టు అనిపించకూడదు. రాష్ట్ర విశ్వవిద్యాలయ ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్ళయితే సెలవు పెట్టి, సొంత ఈమెయిలు నుంచే రాయాలి.

వెళ్ళొచ్చిన 24 గంటల్లోపు ఒక ఈమెయిలు: ధన్యవాదాలు, వాళ్ళడిగి మీరు అక్కడ జవాబు చెప్పలేకపోయిన ప్రశ్నకు జవాబు. తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పి తర్వాత సవరించుకునేవాళ్ళ ఫోను ఆ కార్యాలయం మళ్ళీ ఎత్తదు.

కమిటీ విచారణ

హౌస్ కమిటీ విచారణకు మామూలుగా ఐదు రోజుల ముందు నోటీసు వస్తుంది. సెనేట్‌లో 24 గంటలే. అందువల్ల సాక్ష్యం చెప్పేవాళ్ళు ముందే సిద్ధంగా ఉండాలి. నలుగురు చాలు: గ్రామీణ క్లినిక్ పీఏ, బిల్లును సమర్థించే డాక్టరు, క్లినిక్ యజమానో మేనేజరో, ఒక రోగి. నలుగురూ ఒకే మాట నాలుగుసార్లు చెబితే కమిటీ విసుక్కుంటుంది. ఒక్కొక్కరికీ ఒక్కొక్క విషయం పంచి ఇవ్వండి.

మీకు దొరికేది రెండు మూడు నిమిషాలు. తెల్ల కాగితం మీద 250 మాటలకు మించి రాసుకోకండి. పేరు, ఊరు, బిల్లుకు అనుకూలం అన్న ముక్క మొదట. హౌస్‌లో నమోదు క్యాపిటల్ (చట్టసభ భవనం) ఆవరణలోనే, విచారణ రోజున, ఎలక్ట్రానిక్ పద్ధతిలో చేసుకోవాలి. ఇంటి నుంచి కుదరదు. రాలేనివాళ్ళు హౌస్ వెబ్‌సైటులో రాతపూర్వక అభిప్రాయం పెట్టవచ్చు. వచ్చి మాట్లాడకుండా "అనుకూలం, సాక్ష్యం చెప్పను" అని నమోదు చేసుకున్నా సాక్షుల జాబితాలో పేరు పడుతుంది. ఆ జాబితా తర్వాత సభ్యులందరూ చూస్తారు. కాబట్టి వెంట వచ్చిన ప్రతి ఒక్కరినీ, తోడొచ్చిన భార్యాభర్తల్ని కూడా, నమోదు చేయించండి.

సమయం సంగతి. సభ వాయిదా పడ్డాక కమిటీ మొదలవుతుంది అని నోటీసులో ఉంటే అది మధ్యాహ్నం రెండు కావచ్చు, రాత్రి తొమ్మిది కావచ్చు. రోజంతా సెలవు పెట్టండి. సాయంత్రం క్లినిక్ ఉందని వెళ్ళిపోయిన మంచి సాక్షి కంటే, అర్ధరాత్రి దాకా కూర్చున్న మామూలు సాక్షి నయం. సందర్శకుల పార్కింగు శాన్ హసింటో వీధిలో ఉంది, గదుల్లో చాలావరకు భూగర్భంలోని ఎక్స్‌టెన్షన్‌లో. తినడానికేమైనా సంచిలో పెట్టుకోండి.

తెల్లకోటు వేసుకోవాలా అని అందరూ అడుగుతారు. సమావేశాల కాలంలో ప్రతి నెల మొదటి మంగళవారం వైద్యుల సంఘం సభ్యులు తెల్లకోట్లలో క్యాపిటల్‌కు వస్తారు. ఆ గుంపులో మీరు కలిసిపోతే "వీళ్ళు డాక్టర్లనుకుంటారు రోగులు" అనే వాదనకు మీరే సాక్ష్యం అవుతారు. మామూలు బట్టలు, ఛాతీ మీద పెద్ద అక్షరాల్లో పీఏ అన్న పేరుపట్టీ. అది చాలు.

ఎదురయ్యే ప్రశ్నలు కొత్తవేమీ ఉండవు. శిక్షణ గంటలు: పీఏ కోర్సు సగటున 27 నెలలు, క్లినికల్ శిక్షణ రెండు వేల గంటల పైచిలుకు. డాక్టరు శిక్షణ దానికి ఎన్నో రెట్లు. దాన్ని కాదనకండి, తగ్గించకండి. అవునని ఒప్పుకుని, గంటల గీత ఎందుకు పెట్టామో చెప్పండి. కోర్సు ముగిసిన రోజున ఉన్న పీఏ గురించి కాదు ఈ బిల్లు, ఆపైన 8,000 గంటలు పనిచేసిన పీఏ గురించి. లైసెన్సుకు ముందు జాతీయ పరీక్ష, సర్టిఫికేషన్ నిలుపుకోవడానికి రెండేళ్ళకు 100 గంటల నిరంతర శిక్షణ ఉన్నాయని కూడా చెప్పండి.

ఖర్చు: మిస్సిసిపీలోని హాటీస్‌బర్గ్ క్లినిక్ 2022లో ప్రచురించిన లెక్కల్ని ఎవరో ఒకరు తెస్తారు. డాక్టరు కానివారు ప్రాథమిక వైద్యులుగా ఉన్న రోగుల మీద ఖర్చు ఎక్కువైందని అది చెబుతుంది. అది ఒక్క క్లినిక్ వ్యవస్థ అనుభవం అని, అక్కడ రోగుల్ని పంచిన తీరు వేరని చెప్పవచ్చు. చదవకుండా "తప్పు అధ్యయనం" అనకూడదు. మాజీ సైనికుల ఆసుపత్రుల ఎమర్జెన్సీ విభాగాల మీద వచ్చిన ఇంకో అధ్యయనమూ వినిపిస్తుంది. అది నర్స్ ప్రాక్టీషనర్ల మీద చేసింది, పీఏల మీద కాదు. ఈ తేడా ప్రశాంతంగా చెప్పగలిగితే ఆ రోజు మీది.

మొదటి విచారణలో ఓటు జరగకపోవడం సహజం. "పెండింగ్‌లో ఉంచాం" అంటే ఓడిపోయినట్టు కాదు. మర్నాటి నుంచి ఛైర్మన్ కార్యాలయానికి ఆథర్ చేత అడిగించాలి. మీరు నేరుగా రోజూ ఫోను చేయడం చెడగొడుతుంది. కమిటీ గట్టెక్కినా హౌస్‌లో ఏ బిల్లు ఎప్పుడు సభకు రావాలో తేల్చే క్యాలెండర్స్ కమిటీ దగ్గర మళ్ళీ వరసలో నిలబడాలి. నిశ్శబ్దంగా ఎక్కువ బిల్లులు చచ్చిపోయేది అక్కడే.

రాజీ దగ్గర

వ్యతిరేకులు సవరణతో వస్తారు. ఏప్రిల్‌లో, గంట టైమిచ్చి. అందుకే జనవరిలోనే మూడు గీతలు రాసుకోవాలి: వదులుకోగలిగినవి, బేరమాడగలిగినవి, పోతే బిల్లునే వెనక్కి తీసుకునేవి. 8,000 గంటలు 10,000 అయితే ఫరవాలేదు. ఒకే స్పెషాలిటీలో అంటే? అప్పుడు కార్డియాలజీ నుంచి ప్రాథమిక వైద్యానికి మారిన పీఏ మళ్ళీ సున్నా నుంచి లెక్కించుకోవాలి. అది బేరమాడాల్సిన చోటు. కొలాబరేషన్ అన్న మాట ఉంచి, కింద నెలకిన్ని చార్టులు డాక్టరు చూడాలి అని కొత్త షరతు చేర్చితే, ఉన్న చట్టం కంటే వెనక్కి పోయినట్టే. అది మూడో గీత. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని పట్టుబట్టే మనిషిని మాత్రం చర్చలకు పంపకండి. నిర్ణయం తీసుకునే అధికారం ముగ్గురికి మించి ఇవ్వకండి, ఆ ముగ్గురి ఫోన్లు ఏప్రిల్, మే నెలల్లో రాత్రిళ్ళు కూడా మోగేలా ఉండాలి.

డబ్బు, వీసా

ఇది మనవాళ్ళు ఎక్కువగా తడబడే విషయం. హెచ్1బీ, ఎఫ్1, హెచ్4 వీసాల మీద ఉన్నవాళ్ళు అభ్యర్థులకూ, ఎన్నికల ప్యాక్‌లకూ (ఎన్నికల కోసం చందాలు పోగుచేసే సంఘాలు) ఒక్క డాలరు కూడా ఇవ్వకూడదు. అది ఫెడరల్ నిషేధం, రాష్ట్ర ఎన్నికలకూ వర్తిస్తుంది. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళు ఇవ్వవచ్చు. భార్య పౌరురాలు, భర్త వీసా మీద అయితే చెక్కు భార్య సొంత డబ్బుతో, భార్య సంతకంతో ఉండాలి. ఒకరి డబ్బు ఇంకొకరి పేరుతో ఇవ్వడం ఇంకో నేరం. అయితే వీసా ఉన్నవాళ్ళు సభ్యుడిని కలవవచ్చు, ఉత్తరం రాయవచ్చు, కమిటీలో సాక్ష్యం చెప్పవచ్చు.

టెక్సస్‌లో ఇన్‌కార్పొరేట్ అయిన సంస్థ అభ్యర్థికి చందా ఇవ్వడం నిషిద్ధం. క్లినిక్ ఖాతా నుంచి చెక్కు రాసేముందు ఇది గుర్తుంచుకోండి. సమావేశాలకు 30 రోజుల ముందు నుంచి, ముగిశాక 20వ రోజు దాకా శాసనసభ్యులు చందాలు తీసుకోకూడదు. క్యాపిటల్ భవనంలో చెక్కు చేతికివ్వడం ఎప్పుడూ కుదరదు. చందా గురించీ బిల్లు గురించీ ఒకే ఈమెయిలులో, ఒకే సంభాషణలో మాట్లాడకండి. జీతం తీసుకోకుండా తన అభిప్రాయం చెప్పుకునే మనిషి లాబీయిస్టుగా నమోదు కానక్కర్లేదు. సంఘం డబ్బిచ్చి ఎవరినైనా పెట్టుకుంటే మాత్రం టెక్సస్ ఎథిక్స్ కమిషన్ నిబంధనలు ముందు చూసుకోవాలి.

సంతకం అయ్యాక

గవర్నరుకు పది రోజులు గడువు. సమావేశాల ఆఖరి పది రోజుల్లో వెళ్ళిన బిల్లులకు ముగింపు తర్వాత 20 రోజులు. వీటో భయం ఉన్న బిల్లుకు ఆ జూన్ నెలలోనే మళ్ళీ ఉత్తరాలు రాయించాలి. సంతకం అయిన చట్టాలు ఎక్కువగా సెప్టెంబరు 1 నుంచి అమలు. రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల ఓట్లు వస్తేనే వెంటనే.

ఆపైన నిబంధనలు రాసే పని. టెక్సస్ మెడికల్ బోర్డు, దాని కింది పీఏ బోర్డు ప్రతిపాదిత నిబంధనల్ని రాష్ట్ర అధికారిక పత్రిక టెక్సస్ రిజిస్టర్‌లో ప్రచురిస్తాయి, కనీసం 30 రోజుల అభిప్రాయ గడువు ఉంటుంది. పీఏ బోర్డులో 13 మంది, ఏడుగురు పీఏలు, ముగ్గురు డాక్టర్లు, ముగ్గురు సామాన్య పౌరులు. నియామకం గవర్నరుది, కాబట్టి ఖాళీలు వచ్చినప్పుడు దరఖాస్తులు పెట్టించడం కూడా ఇదే పనిలో భాగం. చట్టం "గంటలు" అంటే, నిబంధన ఏ గంటలు, ఎవరు ధ్రువీకరించాలి, ఇతర రాష్ట్రాల గంటలు లెక్కకు వస్తాయా అని తేలుస్తుంది. శత్రువులు ఓడిన చోట మళ్ళీ గెలిచేది ఇక్కడే, ఎందుకంటే సంబరాలు చేసుకున్నవాళ్ళు ఈ 30 రోజుల్లో నిద్రపోతారు.

నిబంధనలు వచ్చినా రోగికి మందు అందడానికి ఇంకా కొన్ని తలుపులున్నాయి. ఆసుపత్రి బైలాస్, అంటే అంతర్గత నియమాలు, పాత చట్టపు భాషలోనే ఉంటాయి. వైద్య సిబ్బంది కార్యాలయంతో మాట్లాడి సవరించుకోవాలి. ఎక్కువగా వృద్ధులకు ఉండే ఫెడరల్ బీమా మెడికేర్ 2022 జనవరి 1 నుంచి పీఏలకు నేరుగా చెల్లిస్తోంది, డాక్టరు ఫీజులో 85 శాతం. ప్రైవేటు బీమా కంపెనీలు ఒక్కొక్కటీ ఒక్కో పద్ధతి. బీమా ఒప్పందంలో "పర్యవేక్షించే డాక్టరు పేరు" అన్న గడి ఖాళీగా ఉందని క్లెయిము తిప్పి పంపుతాయి. షెడ్యూల్ మందుల విషయంలో డీఈఏ (ఫెడరల్ మాదకద్రవ్యాల నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ రాష్ట్ర చట్టం ఇచ్చిన అధికారాన్నే అనుసరిస్తుంది కనుక, పరిధి పెరిగితే దానిలోని షెడ్యూళ్ళు కూడా సరిచూసుకోవాలి. ఫార్మసీ సాఫ్ట్‌వేర్లలో పాత నియమమే ఉండి చీటీ తిరస్కరిస్తే, చట్టం సెక్షను నంబరుతో ఒక పేజీ ఉత్తరం ముందే సిద్ధం చేసి ఊళ్ళోని ఫార్మసిస్టులకు ఆగస్టులోనే అందజేయండి.